చూసేదానికి కండ్లుండాల గదా



నేను హైస్కూల్లో చదివే రోజుల్లో నంద్యాల గాంధీచౌకు దగ్గర ఒక గోలీసోడా అంగడి ఉండేది. సీసాలను ఒక ఇనుప పెట్టెలో బిగించి, గ్యాసు సిలిండరు తెరిచి, చేత్తో చక్రం తిప్పేవాళ్ళు. పెట్టె మీద జల్లెడలాంటి ఇనుప మూత. సీసాకి ఎక్కడైనా పాత బీట ఉంటే లోపలే ఢామ్మని పగిలేది. ఎండాకాలంలో రోజుకి ఒకటో రెండో పగిలేవి. అంగడాయన చక్రం ఆపి, మూత తీసి, గాజు పెంకులు ఊడ్చి, మళ్ళీ తిప్పేవాడు. ఆ పని ఎంత మామూలుగా చేసేవాడంటే, బియ్యంలో రాళ్ళేరినట్టు.

నాకు ఒకసారి పెద్ద తెలివొచ్చింది. "మామా, ఈ జల్లెడ తీసి అద్దం బిగిస్తే లోపల సీసా ఎట్ల తిరుగుతాదో కనపడుతుంది గదా?" అని అడిగినాను. ఆయన నా వైపు చూడకుండానే, "చూసేదానికి కండ్లుండాల గదా నాయనా" అన్నాడు.

తర్వాత నేను ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పాను. ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానం రాసినట్టే గడిచింది నా ఉద్యోగం. పేలగలిగే వస్తువు అవతల ఉంటుంది. మనిషి ఇవతల నిలబడి దాన్ని చూస్తూ పని చెయ్యాలి. మధ్యలో ఒక అడ్డు కావాలి. ఆ అడ్డు కంటికి అడ్డం కాకూడదు, ఒంటికి మాత్రం అడ్డం కావాలి. దీనికి ఏ వస్తువు పనికొస్తుంది అన్నదే ఇవాళ నా ప్రసంగం.

ముందు పేలుడు అద్దాన్ని ఏం చేస్తుందో చూద్దాం. పేలుడంటే రెప్పపాటులో పుట్టిన వేడి వాయువు, చుట్టూ ఉన్న గాలిని గోడలా తోసుకుంటూ రావడం. మనచుట్టూ మామూలుగా ఉండే గాలి ఒత్తిడిలో నూరోవంతు అదనంగా వచ్చి తగిలితే చాలు, సాధారణ కిటికీ అద్దాలు పగలడం మొదలవుతుంది. నూరోవంతే కదా అనకండి. మీటరు పొడుగు, మీటరు వెడల్పు ఉన్న అద్దం మీద అది సుమారు 100 కిలోల బరువు. ఒక నిండు వడ్ల బస్తా కంటే ఎక్కువే వచ్చి ఒక్కసారిగా అద్దం మీద వాలినట్టు. అదే మనిషి చెవిలో కర్ణభేరి చిరగాలంటే ఆ ఒత్తిడికి ముప్పై రెట్లు పైగా కావాలి.

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పేలుడుకి దూరంగా, ఒంటికి ఏమీ కానంత దూరంగా నిలబడ్డ మనిషిని కూడా అతని ఇంటి కిటికీ పొడవగలదు. బాంబు తగలని చోట కిటికీయే బాంబు పని చేస్తుంది. పైగా తోపు అయిపోయిన వెంటనే వెనక్కి ఒక లాగుడు ఉంటుంది. లోపలికి పడని పెంకులు ఆ లాగుడుకి వీధిలోకి రాలతాయి.

1917 డిసెంబరు 6న కెనడాలోని హాలిఫాక్స్ రేవులో రెండు ఓడలు ఢీకొన్నాయి. ఒకదాన్నిండా యుద్ధానికి పోయే పేలుడు పదార్థాలు. అది పేలకముందు సుమారు ఇరవై నిమిషాలు మండుతూ ఉండింది. మంట చూడ్డానికి ఊరంతా కిటికీల దగ్గర చేరింది, బడిపిల్లలతో సహా. అది పేలింది. వేలమందికి కళ్ళ గాయాలయ్యాయి. మరుసటేడు ఆ దేశంలో అంధుల కోసం జాతీయ సంస్థ పుట్టడానికి ఆ గాయాలూ ఒక కారణం.

ఇంకొక సంగతి, ఇది మనకు గుర్తుండేంత దగ్గరిది. 2013 ఫిబ్రవరి 15న రష్యాలో చెల్యాబిన్స్క్ మీద ఆకాశంలో ఒక ఉల్క పేలింది. ముందు కళ్ళు చెదిరే వెలుగు. మోత రావడానికి ఇంకా రెండు నిమిషాలకు పైగా టైముంది. ఏమైందో చూద్దామని జనం కిటికీల దగ్గరకు వచ్చారు. వచ్చినవాళ్ళ మొహాల మీదికే అద్దాలు వచ్చాయి. దెబ్బలు తిన్నవాళ్ళు దాదాపు 1500 మంది, ఎక్కువమందికి గాజు దెబ్బలే. ఒక బడిలో నాలుగో తరగతి టీచరమ్మ మాత్రం వెలుగు చూడగానే 44 మంది పిల్లలను బల్లల కింద దూరమంది. ఆమె ఒక్కతే నిలబడి ఉండిపోయింది. ఆమె చెయ్యి అద్దానికి తెగింది. పిల్లలకు గీత కూడా పడలేదు. ఆ బడిలో ప్రత్యేకమైన అద్దమేమీ లేదు. మెళకువ ఉండింది.

సరే, వస్తువుల దగ్గరకొద్దాం.

నా ఎడమ కనుబొమ్మ మీద ఒక గీత ఉంది. రేడియోలో కనపడదు గానీ, ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక కాలేజీ ల్యాబులో, జింకు మీద సజల ఆమ్లం పోసి హైడ్రోజన్ చేసి చూపిస్తున్నాను. లోపలి గాలి పూర్తిగా పోకముందే గొట్టం మూతికి అగ్గిపుల్ల చూపించాను. తప్పు నాదే. ఫ్లాస్కు పేలింది. పిల్లలకు రక్షణగా ఉంటుందని నేనే ముందురోజు వడ్రంగితో చెక్కచట్రం చేయించి, కిటికీ అద్దం బిగించి, ఫ్లాస్కుకి ముందు నిలబెట్టాను. ఆ అడ్డు ఫ్లాస్కు పెంకులను ఆపలేదు సరికదా, తన పెంకులు కూడా కలిపి పంపించింది. నా కనుబొమ్మలోంచి డాక్టరు తీసిన ముక్క ఫ్లాస్కుది కాదు, నా అద్దానిది. ఫ్లాస్కు గాజు పలచన, అద్దం ముక్క మందం, తేడా తెలిసిపోయింది.

అందుకని మామూలు కిటికీ అద్దం ఎంత మందమైనా ఈ పనికి వద్దు. అది విరిగితే కత్తుల కట్ట విప్పినట్టే.

తర్వాత టఫెన్డ్ గ్లాసు. అద్దాన్ని 600 డిగ్రీలకు పైగా కాల్చి, రెండువైపులా చల్లగాలి కొట్టి, గబగబా చల్లారుస్తారు. పైపొర ముందు బిగుసుకుంటుంది, లోపల తర్వాత బిగుసుకుంటూ పైపొరను లోనికి లాక్కుంటుంది. దాంతో మామూలు అద్దం కంటే నాలుగైదు రెట్లు బలం. విరిగితే కత్తుల్లా కాకుండా కలకండ పలుకుల్లా పొడి అవుతుంది. బస్సు పక్క కిటికీ పగిలినప్పుడు రోడ్డు మీద మెరుస్తుండే పలుకులు అవే. అంగళ్ళలో దీన్ని 'సేఫ్టీ గ్లాసు' అని అమ్ముతారు. తలుపుకి తగిలి పడిపోయే మనిషికి అది నిజంగా సేఫ్టీయే. పేలుడుకి మాత్రం సగమే. పేలుడు తోసినప్పుడు ఆ కలకండ పలుకులే చెర్నాకోలలా వచ్చి తగులుతాయి. అద్దం మొత్తం చట్రంలో లేకుండా పోతుంది, ఇక వెనకొచ్చే దానికి అడ్డే ఉండదు. ఇంకొక మాట, టఫెన్డ్ చేశాక దాన్ని కొయ్యలేరు, చిల్లి పొడవలేరు. కొలత ముందే సరిగా ఇచ్చుకోవాలి.

లోపల తీగల వల ఉన్న అద్దం చూసి చాలామంది మోసపోతారు. ఆ వల మంటలప్పుడు అద్దం రాలిపోకుండా ఉండడానికి. దెబ్బకు అది ఉత్త అద్దం కంటే గట్టిదేమీ కాదు.

నా ఓటు లామినేటెడ్ గ్లాసుకి. దాని పుట్టుక కూడా ల్యాబులోనే. 1903లో ఫ్రాన్సులో ఎడ్వర్డ్ బెనెడిక్టస్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అటక మీది ఫ్లాస్కు ఒకటి జారవిడిచాడు. అది పగిలింది కానీ చెదరలేదు. ఎప్పుడో దాంట్లో పోసిన సెల్యులోజ్ నైట్రేట్ ద్రావణం ఆరిపోయి లోపల పొర కట్టింది, పెంకులన్నీ ఆ పొరకు అతుక్కుని ఉన్నాయి. 1909లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు రెండద్దాల నడుమ పాలీవినైల్ బ్యూటిరాల్ అనే మెత్తని పొర పెట్టి వేడితో ఒత్తుతారు. లారీ ముందద్దానికి రాయి తగిలి సాలెగూడులా బీటలువారినా, డ్రైవరు అట్లాగే నంద్యాల నుంచి గిద్దలూరు దాకా నడుపుకుంటూ పోవడం మనం చూసిందే. ఆ అద్దమే ఇది.

పేలుడుకి దీని గుణం ఎందుకు సరిపోతుందంటే, ఇది పగిలాకే అసలు పని మొదలుపెడుతుంది. గాజు పగులుతుంది, ఆ పగలడంలో కొంత బలం పోతుంది. తర్వాత నడుమ పొర డేరాగుడ్డలా ఉబ్బి సాగుతుంది, సాగడంలో మిగతా బలం పోతుంది. పెంకులు పొరకే అంటుకుని ఉంటాయి. కొత్తగా కట్టే బడికో ఆసుపత్రికో వీధివైపు ఏ అద్దం పెట్టాలని అడిగితే నేను ఇదే చెప్తాను, అద్దాల భారతీయ ప్రమాణం ఐఎస్ 2553 ముద్ర ఉందో లేదో చూసుకోమంటాను.

ల్యాబు బల్ల మీద, ఫ్యాక్టరీ మిషన్ ముందు నిలబెట్టే అడ్డుకైతే గాజు బరువు. అక్కడ ప్లాస్టిక్ మేలు. కానీ ఏ ప్లాస్టిక్? ఇక్కడే మన ఊళ్ళలో ఎక్కువ పొరపాటు జరుగుతోంది. 2020లో కరోనా వచ్చినప్పుడు ప్రతి అంగడి ముందూ ఒక పారదర్శకమైన షీటు వేలాడింది గుర్తుందా? వాటిలో చాలా భాగం అక్రిలిక్, బోర్డులు రాసే అంగళ్ళలో దొరికేది. తుంపరలు ఆపడానికి అది చాలు. అదే షీటును తర్వాత గ్రైండరు ముందు, కంప్రెసరు ముందు, బడి ల్యాబులో పెట్టినవాళ్ళను నేను చూశాను. అక్రిలిక్ గాజు కంటే తేట, నూటికి 92 వంతుల వెలుగు పోనిస్తుంది. కానీ గట్టి దెబ్బకు పెళుసుగా విరుగుతుంది, ముక్కల అంచులు పదును.

పాలీకార్బొనేట్ వేరే జాతి. 1953లో జర్మనీలో బేయర్ కంపెనీలో ఒకరు, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఒకరు, ఎవరికి వారుగా దీన్ని కనిపెట్టారు. 88 వంతుల వెలుగు పోనిస్తుంది, ఆ నాలుగు వంతుల తేడా కంటికి తెలియదు. గాజులో సగం కూడా బరువుండదు. దెబ్బకు సొట్టపడుతుంది, వంగుతుంది, చివరిదాకా విరగనంటుంది. అంగట్లో రెండు షీట్లూ పక్కపక్కన పెడితే చూపుతో ఎవరూ పోల్చలేరు. అంగడాయన కూడా ఒక్కోసారి తెలియకే తప్పు చెప్తాడు. బెత్తెడు ముక్క అడిగి తెచ్చుకుని, వైసులో బిగించి, కళ్ళజోడు పెట్టుకుని, సుత్తితో వంచండి. ఫట్టుమంటే అక్రిలిక్. రేకులా మడతపడితే పాలీకార్బొనేట్. ఐదు నిమిషాల పని.

పాలీకార్బొనేట్‌కీ బలహీనతలున్నాయి. గీతలు త్వరగా పడతాయి. ఎండకు పచ్చబడుతుంది, నాలుగైదేళ్ళ నాటి కార్షెడ్డు కప్పు చూస్తే తెలుస్తుంది. ఎండను ఆపే పూత ఉన్నది అడగాలి. ఇంకొకటి కొంచెం కుట్రలాంటిది: ద్రావకాలకు లొంగుతుంది. ఒక ల్యాబులో అటెండరు పాపం శుభ్రంగా ఉండాలని షీల్డును వారం వారం ఎసిటోన్‌తో తుడిచేవాడు. అంచుల్లో సన్నని వెంట్రుకల్లాంటి చీలికలు వచ్చాయి. చూడ్డానికి తెల్లగా మబ్బేసినట్టు ఉందంతే. ఒకరోజు కింద పడితే అప్పడంలా విరిగింది. సబ్బునీళ్ళు, మెత్తని బట్ట, అంతే. థిన్నరు, పెట్రోలు దాని దరిదాపుల్లోకి రానివ్వకండి.

ఇన్ని చెప్పినా, చట్రం గురించి చెప్పకపోతే చెప్పింది దండుగ. విరగని షీటును పిడికెడు మేకులతో చెక్కకు కొట్టి పెడితే, పేలుడప్పుడు అది విరగదు. ఊడి, మొత్తం షీటు పళ్ళెంలా ఎగిరొచ్చి మెడకు తగులుతుంది. అంచులు చట్రంలోకి లోతుగా పోవాలి. చట్రం గోడకు బోల్టులతో ఉండాలి. గోడ కూడా ఆ బలం మోసేదై ఉండాలి. లామినేటెడ్ అద్దమైతే నడుమ పొర డేరాలా సాగుతుందన్నాను కదా, డేరా గుంజలు ఊడితే ఇంక గుడ్డ ఏం చేస్తుంది? మళ్ళీ మరీ బిగుతుగా కూడా పనికిరాదు. నంద్యాల ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. తెల్లవారి చల్లదనానికీ మధ్యాహ్నం ఇనుప చట్రం కాలే వేడికీ 40 డిగ్రీల తేడా వస్తే, మీటరు పాలీకార్బొనేట్ షీటు రెండున్నర మిల్లీమీటర్ల పైగా సాగుతుంది. ఆ చోటు వదలకపోతే అదే ఉబ్బి, బోల్టు చిల్లి దగ్గర చీలుతుంది.

'ఎంత మందం పెట్టాలి సార్?' అని అడుగుతారు. ఎంత పేలుడుమందు, ఎంత దూరం అని అడగకుండా మందం చెప్పేవాడిని నమ్మొద్దు. అది లెక్కగట్టే ఇంజినీరు పని.

మా నంద్యాల ప్రాంతం పేరు చెప్తే బయటివాళ్ళకు సినిమాల పుణ్యమా అని సుమోలు, నాటుబాంబులు గుర్తొస్తాయి. అది మా చరిత్రలో ఒక ముక్క, కాదనను. కానీ ఆ బాంబుల రోజులకంటే చాలా ముందు నుంచే మా మిద్దె ఇళ్ళకు వీధివైపు కిటికీలుండేవి కావు. మూరెడు మందం రాతిగోడ, వెలుతురుకి పైకప్పులో గవాచి, దానిమీద ఎప్పుడైనా ఒక గాజుపలక. ఎండకు, దొంగలకు భయపడి కట్టుకున్న ఇల్లు, పేలుళ్ళ రోజుల్లోనూ అక్కరకొచ్చింది. కిటికీ లేని ఇంట్లో కిటికీ పెంకు తగలదు. ఇప్పుడు ఆళ్లగడ్డలో, నంద్యాలలో కొత్తగా కట్టే ఇళ్ళకు వీధివైపు నిలువెత్తు అద్దాలు పెడుతున్నారు. చూడ్డానికి బాగుంటాయి. ఎండాకాలం కరెంటు బిల్లు కూడా చూడ్డానికి బాగుంటుంది.

బులెట్ ప్రూఫ్ అని ఒక మాట ఉంది. దాన్ని, పేలుడుకి నిలవడాన్ని, జనం ఒకటే అనుకుంటారు. తూటా ఒక సూదిమొన. అద్దంలో ఒక్క చోట గుచ్చుతుంది. దాన్ని ఆపడానికి అద్దాలు పొరలు పొరలుగా పేర్చి, లోపలివైపు పాలీకార్బొనేట్ వేస్తారు. బయటి గాజు తూటాను చిదుపుతుంది, లోపలి ప్లాస్టిక్ పెంకులను పట్టుకుంటుంది. పేలుడు సూదిమొన కాదు, అరచెయ్యి. అద్దం మొత్తాన్నీ, చట్రాన్నీ, తలుపునూ, బండినీ ఒకేసారి తోస్తుంది. 2003 అక్టోబరు 1న అలిపిరిలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు కాన్వాయ్ మీద క్లేమోర్ మైన్లు పేల్చినప్పుడు ఆయన బులెట్ ప్రూఫ్ కారులోనే ఉన్నారు. ప్రాణం దక్కింది, గాయాలు తప్పలేదు.

అసలు అద్దం వెనక ఉన్నంతసేపే అద్దం. 1985లో ఎర్రకోట మీద రాజీవ్ గాంధీ బులెట్ ప్రూఫ్ అద్దాల గదిలో నిలబడి మాట్లాడారు. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో జనం మధ్య నడుస్తూ, చేతికి అందేంత దూరంలో జరిగిన పేలుడులో పోయారు.

ఇక క్వారీలు. 2018 ఆగస్టు 3న కర్నూలు జిల్లా హత్తిబెళగల్ క్వారీలో పేలుడు జరిగి పది మందికి పైగా పోయారు. 2021 మే 8న నల్లమలకు అవతల, కలసపాడు మండలం మామిళ్ళపల్లె దగ్గర జిలెటిన్ స్టిక్స్ పేలి పది మంది పోయారు. ఇంతసేపూ అద్దాల గుణాలు చెప్పిన నేనే చెప్తున్నాను, అంత దగ్గర అంత మందు పేలితే ప్రపంచంలో ఏ పారదర్శకమైన అడ్డూ మనిషిని కాపాడదు. అక్కడ దూరమొక్కటే అడ్డు. మందు దింపే చోట పది మంది ఉండాల్సిన పని లేదు, ఇద్దరు చాలు. అద్దాల అంగడికి పోయే ముందు ఆ లెక్క తేల్చుకోవాలి.

అద్దానికి పని ఉండేది ఊళ్ళలో. కొలిమిగుండ్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల సున్నపురాతి గనులకు దగ్గరలో ఉన్నవాళ్ళకు మధ్యాహ్నం బ్లాస్టింగుకి కిటికీలు గలగలమనడం అలవాటే. ఇళ్ళన్నిటికీ కొత్త అద్దాలు వేసుకోమని నేను చెప్పను, ఎవరి దగ్గరుంది అంత డబ్బు? ఉన్న అద్దానికే లోపలివైపు పారదర్శకమైన సేఫ్టీ ఫిల్ము అంటించుకోవచ్చు. 1971 యుద్ధమప్పుడు నగరాల్లో కిటికీలకు కాగితపు పట్టీలు అంటించుకున్నారే, దానికి చదువుకున్న మనవరాలు అనుకోండి. అద్దం పగలకుండా ఆపదు, పెంకులను పట్టి ఉంచుతుంది. ఎండకు వేసే పలచని నల్లఫిల్ము ఈ పని చెయ్యదు, మందమైనది అడగండి. 2012లో సుప్రీంకోర్టు ఫిల్ములు వద్దన్నది బండ్ల అద్దాలకు, ఇళ్ళ కిటికీలకు కాదు.

ఆళ్లగడ్డ శిల్పులతో ఒక మాట. మీ నాన్నల కాలంలో ఉలీ సుత్తీ. ఇప్పుడు కటింగ్ మిషన్, గ్రైండరు. చక్రం పగిలితే అది చిన్న పేలుడే, నేరుగా మొహానికి. మీలో కొందరు కళ్ళజోడు పెట్టుకుంటారు, కొందరు మొహానికి షీల్డు కడతారు, చాలామంది తువ్వాలు. అడిగితే ఒకాయన అన్నాడు, "షీల్డు పెడితే దుమ్ముకి గీతలు పడి అమ్మవారి కన్ను సరిగా కనపడదు సార్, కన్ను చెక్కేటప్పుడు తీసేస్తా." ఆయన చెప్పింది అబద్ధం కాదు. గీతలు పడ్డ షీల్డు పారెయ్యాలి, దానికి వేరే మందు లేదు. షీల్డు ముందు భాగం విడిగా మార్చుకునే రకం దొరుకుతుంది, గట్టిపూత ఉన్నది తీసుకోండి. బట్టతో పొడిగా తుడవొద్దు, ముందు నీళ్ళు పోసి రాతిదుమ్ము కడగండి. దానికిందే కళ్ళజోడు కూడా పెట్టుకోండి. ఒక విగ్రహానికి వచ్చే కూలిలో ఆ ఖర్చు ఎంత?

గని ఊళ్ళలో ఉన్న అక్కలకు, అమ్మలకు ఒక్క మనవి చేసి ముగిస్తాను. ఈ రాత్రి పడుకునేముందు చూడండి, పిల్లల మంచం తలవైపు కిటికీ ఉందేమో. ఉంటే కాళ్ళు అటు వచ్చేటట్టు మంచం తిప్పండి, లేదా దాన్ని రెండు మూరలు ఇవతలికి లాగండి. బ్లాస్టింగ్ సైరన్ మోగితే పిల్లలు చూడ్డానికి కిటికీ దగ్గరకు పరిగెత్తుతారు. ఆపండి.